సంతబుట్ట: పాలు, ఛెనా, గుడ్లు - మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాల గురించీ గుడ్ల గురించే. పండగల తర్వాత ఎప్పుడూ ఇంతే. పిండివంట కుదరనివాళ్లు ఎందుకు కుదరలేదని అడుగుతారు, కుదిరినవాళ్లు అయినా అంగడివాడు మోసం చేసి ఉంటాడేమోనని అడుగుతారు. పాలకేంద్రం పరీక్షశాలలో ఉద్యోగం చేసి, ఇప్పుడు పర్లాకిమిడిలో ఇంటిపట్టున ఉన్నదాన్ని కాబట్టి సంపాదకులు ఈ కట్ట నా వైపు తోశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను. ముందే ఒక మాట చెబుతున్నాను. ఏది మంచిది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. దేనికి అని చెబితే ఉంది.

ప్రశ్న: అమ్మగారూ, మావారు రోజూ పాలప్యాకెట్ తెస్తారు. ఒకరోజు నీలం, ఒకరోజు ఆకుపచ్చ, ఏది దొరికితే అది. పెరుగు ఒకరోజు గట్టిగా తోడుకుంటుంది, ఒకరోజు గరిటె పెడితే నీళ్లు తేలతాయి. ఏ రంగు ప్యాకెట్ కొనాలి? ఖరీదైనదే మంచిదా?
- ఒక గృహిణి, గోసానినువాగాం, బరంపురం

జవాబు: రంగు చూసి పాలు కొనకండి. ఒక డెయిరీకి నీలం టోన్డ్ పాలైతే ఇంకో డెయిరీకి ఇంకేదో. మీ బరంపురంలో ఒడిశా పాలసమాఖ్య ఆమ్‌ఫెడ్ ప్యాకెట్లూ దొరుకుతాయి, ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చే ఆంధ్రా ప్యాకెట్లూ దొరుకుతాయి. రంగుల లెక్క ఒకరిది ఒకరికి సరిపోదు. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి కొవ్వు శాతం. రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే కొవ్వు పోగా పాలలో మిగిలే గట్టి సరుకు: మాంసకృత్తులు, పాలచక్కెర, లవణాలు. టోన్డ్ పాలలో కొవ్వు 3, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 శాతం ఉండాలి. డబుల్ టోన్డ్‌లో 1.5, 9. స్టాండర్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. ఇవి కనీసపు అంకెలు.

ఇప్పుడు మీ పెరుగు సంగతి. గట్టిగా తోడుకోవడానికి కొవ్వు ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. ఫుల్ క్రీమ్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి గడ్డపెరుగు దానితోనే వస్తుంది. ఇంట్లో రోజువారీ పెరుగుకు స్టాండర్డ్ చాలు, కాకపోతే పొంగిన తర్వాత మరో పది నిమిషాలు సన్నని మంట మీద మరగనివ్వండి. మజ్జిగకే అయితే టోన్డ్ పాలకు మించి ఖర్చు పెట్టడం దండగ. టీకి మా ఇంట్లో టోన్డ్ పాలే. పాయసానికి, కోవాకు ఫుల్ క్రీమ్. మీవారికి చీటీ మీద రంగు రాయకుండా పేరు రాసి ఇవ్వండి.

ఇంకో నాలుగైదు ఉత్తరాల్లో ప్యాకెట్ పాలకు మీగడ ఎందుకు కట్టదని అడిగారు. ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉందేమో చూడండి. అలాంటి పాలను గట్టి ఒత్తిడితో సన్నని సందుల్లోంచి పంపి కొవ్వు బిందువులను చిన్నచిన్నవిగా చీలుస్తారు. అవి పైకి తేలలేవు. కొవ్వు ఎక్కడికీ పోలేదు, పాలలోనే ఉంది. మీగడ తీసి వెన్న చేసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఆ మాట లేని ప్యాకెట్ వెతుక్కోవాలి.

టోన్డ్ పాలు అంటే నీళ్లు కలిపిన పాలని ఒక పెద్దాయన కోపంగా రాశారు. కొంత నిజమే, కానీ దొంగచాటు పని కాదు. చిక్కటి గేదెపాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్లు కలిపి కొవ్వు తగ్గించి, ఉన్న పాలను ఎక్కువమందికి చవగ్గా అందించే పద్ధతి ఇది. 1940లలో బొంబాయిలో పాల సరఫరా చూసిన అధికారి దారా ఖురోడీ మొదలుపెట్టారు. 1963లో వర్ఘీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిపి ఆయనకు మెగసెసే పురస్కారం ఇచ్చారు.

ప్రశ్న: పిన్నిగారూ, మాది టెక్కలి. పెళ్లయి పర్లాకిమిడి వచ్చాను. మా అత్తగారికి ఛెనాపోడ, అంటే విరిగిన పాల ముద్దను కాల్చి చేసే ఒడియా మిఠాయి, ప్రాణం. బజారులో తడిగుడ్డ కింద పెట్టి అమ్మే ఛెనా ఎలా ఎంచుకోవాలో తెలియక, ప్యాకెట్ పనీర్ చిదిమి చేశాను. ఇటుకముక్కలా వచ్చింది. లోపం ఎక్కడ?
- ఒక కొత్తకోడలు, పర్లాకిమిడి

జవాబు: లోపం నీ చేతిలో లేదమ్మా, పనీర్‌లోనూ లేదు. రెండూ పాలు విరగ్గొట్టి చేసేవే, ఆ తర్వాత దారులు వేరు. పనీర్‌ను బరువు కింద నొక్కి, చల్లని నీళ్లలో ముంచి గట్టిపరుస్తారు. కూరలో ముక్క చెదరకుండా నిలబడాలి, అది దాని పని. ఛెనాను గుడ్డలో మూటకట్టి, నీరు కారేదాకా వేలాడదీసి వదిలేస్తారు. అరచేతి కింద నలిగి ముద్ద కావాలి, ఇది దీని పని. నొక్కి బిగించినదాన్ని ఎంత చిదిమినా మళ్లీ ఆ మెత్తదనం రాదు.

పాలు కూడా వేరు. ఛెనాకు ఆవుపాలు, పనీర్‌కు గేదెపాలు. గేదెపాలలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ ఉండటం వల్ల విరుగు గట్టిగా, గరుకుగా వస్తుంది. పనీర్‌కు అదే కావాలి, రసగోలాకు అది పనికిరాదు. కాబట్టి అంగడిలో మొదట అడగాల్సిన మాట ఇది: ఏ పాలు? ఆవుపాల ఛెనాకు లేత మీగడరంగు ఉంటుంది. గేదెపాలది సున్నం కొట్టినంత తెల్లగా ఉంటుంది.

తర్వాత గుడ్డ ఎత్తమను. అమ్మేవాళ్లు పైపైన గిల్లి ఇస్తారు. నువ్వు ముద్ద అడుగు నుంచి ఇవ్వమని అడుగు. గోళీకాయంత తీసుకుని ముందు వాసన చూడు. కాచిన పాల తీపివాసన ఉండాలి. ముక్కుకు పులుపు తగిలితే అది నిన్నటిది. తర్వాత ఎడమ అరచేతిలో పెట్టి, కుడి బొటనవేలి మొదలుతో ముందుకు తోస్తూ నాలుగైదుసార్లు నలుపు. మంచి ఛెనా పలుకులు విడిపోయి నున్నగా సాగుతుంది, అరచేతిలో సన్నని నూనెమెరుపు మిగులుతుంది. ఎంత నలిపినా రవ్వలా విడివిడిగా ఉంటే పాలు మరీ మరిగేటప్పుడు విరగ్గొట్టారు, లేదా గేదెపాలు కలిపారు. నలిపితే మెరుపు లేకుండా పొడిగా, జిగటగా అంటుకుంటే వెన్న తీసిన పాలది. ఇవన్నీ చేస్తుంటే అంగడివాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఆఖరిది తూకం. విరుగుడు నీళ్లలోంచి తీసి అలాగే తక్కెడలో వేసేవాళ్లు మన బజారులో ఉన్నారు. నీళ్లకు ఛెనా ధర కట్టడం ఇది. తూచే ముందే పిండమని అడుగు. మరీ ఎండేలా పిండించకు, ఛెనాపోడకు కొంచెం తడి ఉండాల్సిందే. లేకపోతే మధ్యలో పగులుతుంది.

ఇంకా ఒక సంగతి. అన్ని పనులకూ పొద్దుటి తాజా ఛెనానే కొనక్కర్లేదు. రసగోలాకు మాత్రం ఆ పూట విరిచినదే కావాలి, లేకపోతే పాకంలో విచ్చిపోతుంది. ఛెనాపోడకు ఉదయం విరిచింది సాయంత్రానికైనా పనికొస్తుంది, పులుపు పట్టకుండా ఉంటే చాలు. చక్కెర, బొంబాయిరవ్వ, యాలకులు కలిపి ఎర్రబడేదాకా కాల్చేది కాబట్టి చిన్న లోపాలు కప్పుకుపోతాయి. నయాగఢ్ వైపు వాళ్లు సాల చెట్టు ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాలుస్తారు. ఆ ఆకు మాడిన వాసనే దాని ప్రాణం అంటారు. ఓవెన్‌లో చేసేవాళ్లు అడుగున అరటాకు వేసుకోవచ్చు. సగం వాసన వస్తుంది, మీ అత్తగారు కనిపెట్టేస్తారు అది వేరే సంగతి.

ఇంట్లో విరగ్గొట్టుకోవాలంటే ఆవుపాలు లేదా స్టాండర్డ్ పాలు తీసుకో. ఫుల్ క్రీమ్‌తో చేస్తే కాల్చేటప్పుడు నెయ్యి కారుతుంది. పాలు పొంగాక దించి రెండుమూడు నిమిషాలు ఆగి, నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పొయ్యి. విరుగుడు నీళ్లు పచ్చగా తేటగా కనిపించిన క్షణాన ఆపు. ఆ తర్వాత పోసిన ప్రతి చుక్కా ఛెనాను గట్టిపరుస్తుంది, పులుపు చేస్తుంది. గుడ్డలో పోసి చల్లని నీళ్లు గుమ్మరించు. లీటరు ఆవుపాలకు 150 నుంచి 180 గ్రాముల దాకా వస్తుంది.

ప్రశ్న: అమ్మా, ఆస్కా రోడ్డు వైపు చిన్న హోటల్ నడుపుతున్నాను. ఒక సరఫరాదారు మార్కెట్‌లో సగం ధరకే పనీర్ ఇస్తానంటున్నాడు. ముక్క తెల్లగా, అందంగా ఉంది. కూరలో విరగడం లేదు. తీసుకోవచ్చా?
- ఒక హోటల్ యజమాని, బరంపురం

జవాబు: బాబూ, ముందు పెన్సిల్ తీసుకో. కిలో పనీర్ చేయాలంటే 6 శాతం కొవ్వున్న పాలు దాదాపు 5 లీటర్లు కావాలి. మీ ఊళ్లో లీటరు ఫుల్ క్రీమ్ పాల ధరను ఐదుతో గుణించు. టోకున పాలు కొనేవాడికి కొంత తగ్గుతుందనుకుని ఆ మేరకు తీసెయ్యి. గ్యాసు, కూలి, రవాణా, వాడి లాభం కలుపు. వాడు చెప్పిన ధర ఒట్టి పాల ఖర్చు కూడా దాటకపోతే, ఆ ముక్క పాలతో చేసింది కాదు. ఏ పరీక్షశాలా చెప్పనక్కర్లేదు.

మరి అదేమిటంటావా? వెన్న తీసిన పాలపొడి, పామాయిల్, కొన్నిటిలో పిండిపదార్థం కలిపి చేసిన నకలు సరుకు. అనలాగ్ అంటారు. అది విషం కాదు, అలా చేసి అమ్మడం నేరమూ కాదు. అది పాలపదార్థం కాదని ప్యాకెట్ మీద స్పష్టంగా రాయాలి, పనీర్ పేరుతో అమ్మకూడదు. నిబంధన ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం దాటకూడదు, ఎండుసరుకులో కనీసం సగం పాలకొవ్వే ఉండాలి. నువ్వు దాన్ని పాలక్ పనీర్ అని వడ్డిస్తే మాట తప్పింది సరఫరాదారు కాదు, నువ్వు.

అయోడిన్ పరీక్ష గురించి అందరూ చెబుతారు. ముక్కను నీళ్లలో ఉడికించి, చల్లార్చి, మందులషాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తే, పిండి ఉన్నట్లయితే నల్లని నీలిరంగు వస్తుంది. రంగు వస్తే పిండి ఉన్నట్టే. రాకపోతే మాత్రం మంచిదని కాదు. పామాయిల్‌తో చేసి పిండి కలపనిది ఈ పరీక్షకు దొరకదు. అందుకే పెన్సిల్ లెక్క ముందు చెప్పాను. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉందో లేదో చూడు. బిల్లే ఇవ్వనన్నవాడి దగ్గర కొనకు.

ప్రశ్న: ఏ2 పాలు అని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. పిల్లలకు మంచిదంటారు. కొనమంటారా?
- ఒక తండ్రి, ఛత్రపురం

జవాబు: ఏ1, ఏ2 అనేవి పాలలోని ఒక మాంసకృత్తిలో రెండు రూపాలు. మన దేశవాళీ ఆవుల్లో, గేదెల్లో ఎక్కువగా ఉండేది ఏ2నే. అంటే గంజాం పల్లెల్లో తిరిగే ఘుముసరి ఆవు పాలు, చిలికా ఒడ్డున మేసే గేదె పాలు ఏ లేబులూ లేకుండానే దాదాపు అంతా అవే. 2024 ఆగస్టులో ఆహార భద్రత సంస్థ ఈ ప్రచారాన్ని ప్యాకెట్ల మీద నుంచి తీసేయమని ఆదేశించి, కొద్దిరోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. మీ డబ్బు మీ ఇష్టం. నేనైతే ఆ తేడా డబ్బుతో గుడ్లు కొంటాను.

ప్రశ్న: గుడ్ల మీద మూడు సందేహాలు. బరంపురంలో గుడ్డు ధర రోజుకో రకంగా ఎందుకుంటుంది? గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువా? నాటుకోడి గుడ్లని అమ్మేవి నిజంగా నాటువేనా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చికిటి

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలు వరసలో ఉన్నాయి కానీ నేను వెనక నుంచి వస్తాను.

నాటుకోడి గుడ్లు ఒకే అట్టలో ఒకే సైజులో, ఒకే రంగులో ఉండవు. ఒకటి చిన్నది, ఒకటి కోలగా, ఒకటి లేత గంధంరంగు, ఒకటి కాస్త ముదురు. అట్టలోని ముప్పై గుడ్లూ అచ్చుపోసినట్టు ఉంటే అవి ఫారం నుంచి వచ్చినవే. గోధుమరంగు గుడ్లు పెట్టే ఫారం జాతులు ఉన్నాయి. కొందరు తెల్లగుడ్డుకే టీ డికాక్షన్ పట్టిస్తారు. దాన్ని కనిపెట్టడానికి నిమ్మకాయ రుద్దమని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి, నమ్మకండి. అసలైన గోధుమరంగు కూడా పెంకు పైపొరలోనే ఉంటుంది, పులుపు తగిలితే అదీ ఊడుతుంది. తడిగుడ్డతో గట్టిగా తుడవండి. తడికే రంగు దిగితే అనుమానించండి.

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. బలానికి దానితో సంబంధం లేదు. పచ్చసొన రంగు మేతను బట్టి వస్తుంది. మొక్కజొన్న ఎక్కువ తింటే ముదురుపసుపు, బంతిపూల పొడి వేస్తే నారింజ. కాబట్టి పచ్చసొన ముదురుగా ఉందని మురిసిపోయి ఎక్కువ ధర పెట్టకండి. నాటుగుడ్డు రుచి కోసం కొనుక్కోవచ్చు, నేనూ కొంటాను.

ఇక ధర. మన ఒడిశాకు వచ్చే గుడ్లలో చాలా భాగం ఆంధ్రా ఫారాల నుంచి లారీల్లో వస్తాయి. గుడ్డు ధరను రోజూ ప్రకటించేది నెక్, అంటే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం. కోళ్ల పరిశ్రమ ప్రముఖుడు డాక్టర్ బి.వి. రావు చొరవతో 1982లో ఏర్పడింది. అంతకుముందు దళారి చెప్పిందే ధర, రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ప్రాంతాలవారీగా నూరు గుడ్లకు ఇంత అని సూచిస్తారు. దాని మీద రవాణా, పగుళ్ల నష్టం, చిల్లర వర్తకుడి లాభం కలిసి మీ వీధి ధర అవుతుంది. ఉదయం పత్రికలో ఆ అంకె చూసి బజారుకు వెళితే బేరం తేలిక. పది, ఇరవై గుడ్లకు కాదు గానీ, అట్ట లెక్కన కొనేటప్పుడు ఉపయోగం.

మన సరిహద్దు ఊళ్లలో ధరకు ఇంకో మలుపు ఉంది, అది బయటివాళ్లకు అర్థం కాదు. ఒడియావాళ్ల కార్తీకం ఆశ్వయుజ పున్నమి దాటగానే మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. తెలుగువాళ్ల కార్తీకం దీపావళి అమావాస్య తర్వాత మొదలై మళ్లీ అమావాస్య దాకా సాగుతుంది. అంటే బరంపురంలో నియమం నెల కాదు, నెలా పదిహేను రోజులు. మధ్యలో రెండు వారాలు రెండు ఇళ్లలోనూ గుడ్డు ఉండదు. కోళ్లకు మాత్రం కార్తీకం లేదు, అవి పెడుతూనే ఉంటాయి. అంగట్లో అట్టలు పేరుకుంటాయి. పున్నమి మర్నాడు ఛాడఖాయి, ఒడియావాళ్లు నియమం విడిచే రోజు. ఒడియా ఇళ్లన్నీ ఒక్కసారిగా మాంసం, చేపలు, గుడ్ల అంగళ్ల మీద పడతాయి, పేరుకున్న పాత సరుకంతా ఆ రద్దీలో వెళ్లిపోతుంది. ఆ రోజు గుడ్లు కొనకండి. మన ఇళ్లలో ఎలాగూ ఇంకా నియమమే కాబట్టి ఈ సలహా పాటించడం కష్టమేమీ కాదు. మార్గశిరంలో గురువారాలు కూడా అంతే. లక్ష్మీపూజ వల్ల బుధవారం సాయంత్రం నుంచి గుడ్లు కదలవు, శుక్రవారం అమ్మేది మూడు రోజుల నాటిది కావచ్చు.

పాతదో కొత్తదో అంగడిలోనే చూడాలంటే ఫోన్ టార్చి వెలిగించి, గుడ్డు వెడల్పు కొనను దాని మీద ఆనించి, చేత్తో నీడ చేసుకోండి. కొన దగ్గర వెలుతురుగా ఒక గాలిగది కనబడుతుంది. తాజా గుడ్డులో అది సన్నని అంచులా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల్లోంచి తడి ఆవిరై గది పెద్దదవుతుంది. ఇంట్లో అయితే నీళ్ల గిన్నె చాలు. అడుగున పడుకుంటే తాజా, వెడల్పు కొన పైకి లేచి నిలబడితే పాతబడింది కానీ తినొచ్చు, తేలితే పారేయండి. ఉడికించి ఒలిచే పనికి మాత్రం వారం నాటి గుడ్డే మేలు. మరీ తాజా గుడ్డు తెల్లసొన పెంకుకు అంటుకుని గుంటలు గుంటలుగా ఊడుతుంది.

గుడ్లు తెచ్చిన వెంటనే కడిగి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. పెంకు మీద సహజంగా ఉండే సన్నని పొర కడిగితే పోతుంది, మురికి లోపలికి దిగుతుంది. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, సన్నకొన కిందికి పెట్టి ఉంచండి. వండే ముందు కడుక్కోండి.

ప్రశ్న: ఆంటీ, హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చి పెనం మీద పిజ్జా చేశాను. చీజ్ ముక్కలు తురిమి వేస్తే సాగలేదు, జిగురులా ముద్దయింది. మా నానమ్మ చీజ్‌లో దూడ కడుపులోది కలుపుతారంటూ తినలేదు. నిజమేనా?
- ఒక కాలేజీ విద్యార్థిని, రాయగడ

జవాబు: నువ్వు వేసింది ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్ అయి ఉంటుంది. తయారైన చీజ్‌ను కరిగించి, సోడియం సిట్రేట్ లాంటి లవణాలు కలిపి మళ్లీ గడ్డకట్టిస్తే వచ్చేది అది. నెలల తరబడి ఒకే రుచిలో నిలవ ఉంటుంది, రొట్టె మధ్యలో పెట్టుకోవడానికి బాగుంటుంది. తీగలా సాగాలంటే మొజరెల్లా కావాలి. దాన్ని వేడినీళ్లలో లాగి, మడిచి, మళ్లీ లాగి చేస్తారు, ఆ సాగే గుణం అక్కడే వస్తుంది. మన పనీర్ ఎంత వేడి చేసినా ఎందుకు కరగదని నీకు అనుమానం రావచ్చు. పులుపుతో విరిచినది కరగదు, రెనెట్ అనే ఎంజైముతో తోడుపెట్టినది కరుగుతుంది.

నానమ్మ అన్నమాట వట్టిది కాదు. విదేశాల్లో ఆ రెనెట్‌ను పాలుతాగే దూడ కడుపు నుంచి తీసే పద్ధతి ఇప్పటికీ ఉంది. మన దేశపు ప్రమాణాల్లో జంతువు నుంచి తీయని రెనెట్ వాడాలని ఉంది, సూక్ష్మజీవుల నుంచి చేసిందే ఇక్కడ వాడతారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూపించు. విదేశీ ప్యాకెట్ ఎవరైనా తెచ్చి ఇస్తే మాత్రం వెనకవైపు చదివి పెట్టు.

రాయగడ లాంటి ఊళ్లో చీజ్ కొనేటప్పుడు అంగడివాడి ఫ్రిజ్‌ను చూడు, ప్యాకెట్‌ను తర్వాత చూడు. రాత్రి ఫ్రిజ్ ఆపేసి ఉదయం వేసే దుకాణాలు ఉన్నాయి. ప్యాకెట్ లోపల నీటిచుక్కలు పట్టి ఉన్నా, ఉబ్బినా, తురుము గడ్డకట్టినా వద్దు. ధర కూడా గమనించు: 2025 సెప్టెంబరు 22 నుంచి చీజ్, వెన్న, నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ప్యాకెట్ పనీర్ మీద పూర్తిగా ఎత్తేశారు.

ప్రశ్న: పూస కట్టిన నెయ్యే అసలైనదని మా ఆవిడ, పచ్చగా ఉన్నదే అసలైనదని మా అమ్మ. ఎవరు చెప్పింది నిజం?
- ఇద్దరి మధ్య చిక్కిన ఒకాయన, గుణుపురం

జవాబు: ఎవరి పక్షమూ వహించను, మీరూ వహించకండి. ఆవునెయ్యికి పచ్చదనం కెరోటిన్ వల్ల వస్తుంది. గేదె ఆ కెరోటిన్‌ను మార్చేసుకుంటుంది కాబట్టి గేదెనెయ్యి తెల్లగా ఉంటుంది. పూస నెమ్మదిగా చల్లారితే కడుతుంది. అదే నెయ్యిని త్వరగా చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. వనస్పతికి కూడా పూస కట్టించవచ్చు. అందుకే వనస్పతిలో 5 శాతం నువ్వులనూనె ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. నెయ్యిలో వనస్పతి కలిపితే ఆమ్లమూ చక్కెరా వేసి చేసే పరీక్షలో ఆ నువ్వులనూనె గులాబిరంగు తేలి పట్టిస్తుంది. పరీక్షశాలలో ఆ రంగు తేలినప్పుడు నమూనా తెచ్చినవాడి ముఖం చూడాలి. ఆమ్లంతో పని కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి. వెన్న కొని ఇంట్లో కాచుకోండి, ఇద్దరూ ఒప్పుకుంటారు.

ప్రశ్న: ఐస్‌క్రీమ్ ప్యాకెట్ మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అర్థం ఏమిటి?
- ఒక తల్లి, గోపాలపూర్

జవాబు: పాలకొవ్వుకు బదులు నూనె వాడారని. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. బండి మీద అమ్మేవాడిని అడిగితే రెండూ ఒకటే అంటాడు.

ప్రశ్న: మోహన దగ్గర కొండ మీద పల్లెలో బడిలో ఉద్యోగం వచ్చింది. ఫ్రిజ్ లేదు, కరెంటు ఉంటే ఉంది లేకపోతే లేదు. వారానికి సరిపడా పాలు, గుడ్లు సోమవారం పట్టుకెళ్లాలి. ఏం కొనమంటారు?
- ఒక టీచరు, గజపతి జిల్లా

జవాబు: అట్టపెట్టెల్లో వచ్చే యూహెచ్‌టీ పాలు కొనుక్కో తల్లీ. వాటిని 135 డిగ్రీలకు మించి కొన్ని సెకన్లు వేడిచేసి, గాలి చొరని పెట్టెలో నింపుతారు. విప్పనంతవరకు నెలల తరబడి ఫ్రిజ్ లేకుండా ఉంటాయి, కాచనక్కర్లేదు. చాలామంది లీటరు పెట్టె చవక అని అదే కొంటారు. విప్పిన తర్వాత అవీ మామూలు పాలే, ఫ్రిజ్ లేకపోతే సాయంత్రానికి పాడవుతాయి. నీకు 200 మిల్లీలీటర్ల పెట్టెలే దారి, పూటకొకటి. ఉబ్బిన పెట్టె, మూలలు నలిగి చెమ్మ ఊరుతున్న పెట్టె తీసుకోకు. మామూలు ప్యాకెట్ పాలు ఆ కొండ ఎక్కించకు. వాటిని పాశ్చరైజ్ చేసేది 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లే, చల్లదనం తప్పితే అవి నిలవవు.

వెన్నతీయని పాలపొడి కూడా ఒక డబ్బా పెట్టుకో. లీటరు నీళ్లకు 130 గ్రాముల దాకా. ముందు గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి ముద్ద చేసి, తర్వాత పలచన చేస్తే ఉండలు కట్టవు. గుడ్లు మాత్రం పగలనివి ఏరి, కడగకుండా, పొట్టులోనో పాత కాగితాల్లోనో సర్దుకుని వెళితే చలికాలంలో వారం హాయిగా ఉంటాయి. ఎండాకాలంలో సగమే తీసుకెళ్లు. అంగట్లో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తే వద్దను, చల్లటి గుడ్డు బయటి వేడికి చెమటపట్టి త్వరగా చెడుతుంది. పెరుగు తోడుకు ఊళ్లోంచి గిన్నె మోసుకెళ్లక్కర్లేదు. ఆ పల్లెల్లో ఎవరింట్లోనో ఒక ఆవు ఉండే ఉంటుంది, రెండు చెంచాల మజ్జిగ అడుగు.